తాళం ఎవరి దగ్గర? పాత విద్యార్థి సంఘ భవనాలను తిరిగి కట్టే ముందు తేలాల్సిన సంగతి

గుంటూరులో బస్సెక్కి విజయవాడ వైపు వస్తుంటే పెదకాకాని దాటాక కాసేపటికి నాగార్జున నగర్ వస్తుంది. అక్కడి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం 1976 సెప్టెంబరు 11న మొదలైంది. 2026తో యాభై ఏళ్లు. కాంక్రీటు భవనాన్ని డిజైన్ చేసేటప్పుడు ఇంజినీర్లు సాధారణంగా లెక్కలోకి తీసుకునే ఆయుర్దాయం కూడా యాభై ఏళ్లే. ఇది ఒక్క విశ్వవిద్యాలయం సంగతి కాదు. 1950ల నుంచి 1980ల దాకా ఈ రెండు ఊళ్లలో, చుట్టుపక్కల కట్టిన కాలేజీ భవనాలు ఒకదాని తర్వాత ఒకటి ఆ గీత దగ్గరికి వస్తున్నాయి. కొన్ని ఎప్పుడో దాటేశాయి. 1885లో పుట్టిన గుంటూరు ఏసీ కాలేజీ, 1937లో మొదలైన విజయవాడ ఎస్సారార్ కాలేజీ లాంటి పాత సంస్థల సంగతి సరేసరి.

తరగతి గదుల బ్లాకు పాతబడితే నిర్ణయం తేలిక. ఎన్ని గదులు కావాలో లెక్క ఉంటుంది, ఎవరు వాడతారో టైంటేబుల్ చెబుతుంది. లేబొరేటరీకీ అంతే. చిక్కంతా ఇంకో రకం భవనంతో వస్తుంది. ఒక పక్క క్యాంటీన్, ఇంకో పక్క యూనియన్ ఆఫీసు, మధ్యలో చిన్న హాలు, మేడ మీద క్యారమ్ బోర్డులు, నాలుగైదు పేపర్లు పడేసి ఉండే రీడింగ్ రూమ్, బయట మెట్లు, మెట్లకెదురుగా ఒక చెట్టు. స్టూడెంట్స్ యూనియన్ అని కొందరు, స్టూడెంట్స్ సెంటర్ అని కొందరు అంటారు. అక్కడ జరిగే పని ఏ టైంటేబుల్‌లోనూ ఉండదు. అందుకే దాన్ని పడగొట్టేటప్పుడు ఏం పోతోందో ఎస్టిమేట్‌లో రాసేవాళ్లూ ఉండరు.

ఇలాంటి భవనాల గురించి మాట వచ్చినప్పుడు పడగొట్టాలా, బాగుచేయాలా అన్న చర్చే ఎక్కువగా వినిపిస్తుంది. అది అవసరమైన చర్చే. కానీ అంతకన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. కట్టాక ఆ గదుల తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఏ గదిని ఎవరు, ఎవరి అనుమతితో, ఎన్ని గంటల దాకా తెరిచి ఉంచుకోవచ్చు? ఇది కాగితం మీద తేలకుండా పని మొదలుపెడితే, ఎంత మంచి భవనం కట్టినా విద్యార్థుల చోటు ఇంకెవరి చేతికో వెళ్లిపోతుంది.

సంఘం లేని సంఘ భవనం

ఈ ప్రాంతానికి విశ్వవిద్యాలయం తేలిగ్గా రాలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది బెజవాడలోనే. 1930లో వాల్తేరుకు తరలిపోయింది. ఆ విశ్వవిద్యాలయమే తిరిగి గుంటూరులో పీజీ కేంద్రం పెట్టింది 1967లో. అది పెరిగి సొంత విశ్వవిద్యాలయం కావడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. ఆ కాలంలోనే 1966 నాటి విశాఖ ఉక్కు ఉద్యమం, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చాయి. రెండింటిలోనూ గుంటూరు, విజయవాడ కాలేజీ పిల్లలు ముందు వరసలో ఉన్నారు. కరపత్రం రాయడం, సభకు ఎవరిని పిలవాలో, ఊరేగింపు ఎక్కడ మొదలవ్వాలో తేల్చుకోవడం లాంటివి ప్రిన్సిపాల్ గదిలో జరిగే పనులు కావు. హాస్టల్ గదుల్లో, క్యాంటీన్ బల్లల దగ్గర, యూనియన్ ఆఫీసుల్లో జరిగేవి. రాష్ట్ర రాజకీయాల్లో, కోర్టుల్లో, పత్రికల్లో తర్వాత పేరు తెచ్చుకున్న ఒక తరం మైకు ముందు మొదటిసారి నిలబడింది ఇలాంటి హాళ్లలోనే.

ఆ చరిత్ర అంతా బంగారం అనుకుంటే పొరపాటు. కులాల వారీగా ప్యానెళ్లు, బయటి పార్టీల డబ్బు, హాస్టళ్ల మధ్య కొట్లాటలు, ఎన్నికల రోజుల్లో కత్తులు కర్రలు కూడా అందులో భాగమే. ఆడపిల్లలు ఆ మెట్ల మీద కూర్చోవడానికి సంకోచించిన రోజులే ఎక్కువ. యూనియన్ హాలు గోడ మీద వరసగా రాసిన పాత అధ్యక్షుల పేర్లు చదివితే అందులో ఎవరు లేరో కూడా తెలిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి సంఘాలకు ప్రత్యక్ష ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోవడానికి హింసే ప్రధాన కారణంగా చెబుతారు.

ఎన్నికలు ఆగాయి, భవనాలు మిగిలాయి. యజమాని లేని ఇంటికి ఏం జరుగుతుందో వాటికీ అదే జరిగింది. ఒక గది పరీక్షల విభాగానికి జవాబు పత్రాల కట్టలు పెట్టుకోవడానికి వెళ్లింది. ఇంకోటి బ్యాంకు కౌంటర్ అయింది. ఇంకో దాంట్లో విరిగిన బెంచీలు చేరాయి. హాలు కావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలి, అది ఫైలు మీదికెక్కి దిగేసరికి కార్యక్రమం తేదీ దాటిపోతుంది. క్యాంటీన్ ఒక్కటే పాత పని చేస్తూ ఉంటుంది. ఈ పరిస్థితి మన దగ్గరే కాదు. అలహాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం దేశంలోకెల్లా పాతవాటిలో ఒకటి. 2019లో అక్కడ నేరుగా ఎన్నికయ్యే సంఘాన్ని తీసేసి విద్యార్థి మండలి పద్ధతి తెచ్చారు. హాలు మాత్రం అలాగే నిలబడి ఉంది.

ఇప్పుడు పునర్నిర్మాణం అనగానే ఈ ఖాళీయే పెద్ద ప్రశ్న అవుతుంది. ప్రతినిధులు లేని చోట ఆర్కిటెక్ట్ ఎవరిని అడిగి ప్లాన్ గీయాలి? విద్యార్థి సంఘ ఎన్నికల మీద లింగ్డో కమిటీ నివేదిక 2006లో వచ్చింది, అదే ఏడాది సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమంది. ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు వేసిన పోస్టర్లు ఉండకూడదు, హాజరు కనీసం 75 శాతం ఉండాలి లాంటివి అందరికీ గుర్తున్నాయి. అంతగా గుర్తులేని మాట ఇంకోటుంది. ప్రశాంతంగా ఎన్నికలు జరిపే వాతావరణం లేని క్యాంపస్‌లలో ముందు నామినేషన్ పద్ధతిలో ప్రతినిధులను పెట్టుకోవచ్చు, కానీ అయిదేళ్లలో దాన్ని ఎన్నికల పద్ధతికి మార్చుకోవాలి. అంటే ఎన్నికలు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. శాఖకొకరు, హాస్టల్‌కొకరు, రీసెర్చ్ స్కాలర్ల తరఫున ఇద్దరు, దివ్యాంగ విద్యార్థుల తరఫున ఒకరు, మొత్తంలో సగం మంది అమ్మాయిలు ఉండేలా ఒక భవన కమిటీని వేయడానికి ఏ చట్టమూ అడ్డు కాదు.

స్లాబ్ పెచ్చులూడితే భవనం చచ్చిపోయినట్టేనా

పడగొట్టాలన్న మాట ఎక్కువసార్లు ఒక దృశ్యంతో మొదలవుతుంది. వరండా స్లాబ్ కింద పెచ్చులూడి, లోపల తుప్పు పట్టిన ఊచలు బయటపడతాయి. ఎవరి నెత్తిన పడుతుందోనన్న టెన్షన్‌లో ఆ వైపు తాడు కడతారు. తర్వాత శిథిలమైపోయిందని ఒక ముక్క రాస్తారు. ఆ ముక్క రాసే ముందు జరగాల్సిన పరీక్షలు చాలా ఉన్నాయి.

కొత్తగా పోసిన కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ. అదే లోపలి ఊచకు కవచం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది. అది ఊచ దాకా చేరి, దానికి చెమ్మ తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న కాంక్రీటును చీల్చేస్తుంది. మనం చూసే పెచ్చులు అవే. ఎంత లోతు దాకా గుణం పోయిందో తెలుసుకోవడానికి చిన్న రంధ్రం చేసి ఫినాఫ్తలిన్ ద్రావణం చల్లితే చాలు. గులాబీ రంగు వచ్చిన చోట కాంక్రీటు ఇంకా బాగున్నట్టు, రంగు మారని చోట కవచం పోయినట్టు. దీనికి తోడు సుత్తి లాంటి పరికరంతో గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్ష, అనుమానం ఉన్న చోట కోర్ అనే గుండ్రటి ముక్క తీసి నొక్కి చూడడం ఉన్నాయి. ఇవన్నీ కలిపి చూస్తే ఏ స్తంభం బాగుంది, ఏ దూలం పోయింది అన్నది విడివిడిగా తెలుస్తుంది. చాలాసార్లు దెబ్బ తినేది బాత్రూముల కింది స్లాబులు, ఎండావానలకు బయట ఉండే సన్‌షేడ్లు, వాటర్ ట్యాంకు చుట్టుపక్కల భాగం. భవనమంతా కాదు.

ఆ కాలం భవనాలకు అసలైన బలహీనతలూ ఉన్నాయి, వాటిని దాచిపెట్టి పాత భవనాన్ని కాపాడమనడం సరికాదు. అప్పటి ప్రమాణాల ప్రకారం తక్కువ బలం ఉండే ఎం15 రకం కాంక్రీటు సరిపోయేది. కాంక్రీటు కట్టడాల ప్రమాణమైన ఐఎస్ 456ను 2000లో సవరించాక కనీసం అంతకన్నా బలమైన ఎం20 వాడాలన్నారు. అప్పట్లో విరివిగా వాడిన మెలితిప్పిన టార్ స్టీలుకు తుప్పు త్వరగా పడుతుంది. భూకంపానికి స్తంభం విరగకుండా వంగేలా ఊచలు కట్టే పద్ధతిని చెప్పే ఐఎస్ 13920 వచ్చిందే 1993లో. 2016 నాటి భూకంప మ్యాపు ప్రకారం విజయవాడ మధ్యస్థ ప్రమాదం ఉన్న మూడో జోన్‌లో ఉంది. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర వచ్చిన భూకంపాన్ని ఈ జిల్లాల పెద్దవాళ్లు మర్చిపోలేదు. కింద అంతా ఖాళీగా సైకిల్ స్టాండుకు వదిలి పైన హాలు కట్టిన నమూనా అయితే మరీ జాగ్రత్తగా చూడాలి. భూకంపంలో ముందు కూలేవి అవే. స్తంభాల చుట్టూ కొత్త ఊచలతో జాకెటింగ్ చేయడం, కింది అంతస్తులో కొన్ని చోట్ల గోడలు లేపడం లాంటి మార్గాలు వీటికి ఉన్నాయి. అయితే అవి సున్నాలు కొట్టినంత తేలిక కాదు. ఖర్చు కొత్త కట్టడానికి దగ్గరగా వస్తే పడగొట్టాలన్న వాదనకు బలం ఉంటుంది.

గుంటూరు, విజయవాడల మధ్య ఇంకో శత్రువు నేలలోనే ఉంది. నల్లరేగడి వర్షాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో నెర్రెలు ఇస్తుంది. పునాది తక్కువ లోతులో ఉంటే గోడ మూలల్లో, కిటికీ పైన ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. ఈ పగుళ్లను చూసి భవనం కుంగిపోతోందని భయపడతారు. చాలావాటికి మందు బయటే ఉంటుంది. వాన నీరు పునాది పక్కన నిలవకుండా చుట్టూ వాలుగా ఫ్లోరింగ్ చేయడం, పగిలిన డ్రైనేజీ పైపు మార్చడం, గోడకు మరీ దగ్గరగా పెరిగిన చెట్టు విషయం చూసుకోవడం అందులో మొదటివి. కొత్త భవనం కట్టినా ఈ నేల మారదు. అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ లాంటి పునాదులకు డబ్బు పెట్టకపోతే ఇరవై ఏళ్లకు మళ్లీ అవే పగుళ్లు వస్తాయి.

స్వాతంత్ర్యానికి ముందు నాటి సున్నపు కట్టడాలకు లెక్క వేరు. ఇటుక, గానుగ సున్నం, టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్ అనే ఇటుక, సున్నపు పైకప్పు వేసిన హాళ్లు సరిగ్గా చూసుకుంటే కాంక్రీటుకన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి. వాటిని చంపేది ఎక్కువగా మనం చేసే రిపేర్లే. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి ఇటుకను తినేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ యూనియన్ కథ ఇక్కడ పనికొస్తుంది. 1823లో మొదలైన ఆ చర్చా సంఘం కొత్త హాలు గోడల మీద 1857లో రోసెట్టి, విలియం మోరిస్, బర్న్ జోన్స్ లాంటి కుర్ర చిత్రకారులు ఉత్సాహంగా బొమ్మలు వేశారు. గోడకు సరైన పూత పెట్టకుండా, ఇటుక మీద కొట్టిన తెల్ల సున్నం మీదే వేశారు. కొన్నేళ్లకే రంగులు వెలిసిపోయాయి. ఆ తప్పును సరిదిద్దడానికి తర్వాతి తరాలు తంటాలు పడాల్సి వచ్చింది. సున్నానికి మన దగ్గర కొరతేమీ లేదు, పిడుగురాళ్ల పక్కనే ఉంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలే తగ్గిపోయారు. టెండరులో ఆ పని అనుభవం అడగకపోతే వచ్చేది సిమెంటు పని చేసేవాళ్లే.

పాతదాన్ని ఉంచి కొత్తది జోడించడానికి నమూనా కోసం దూరం పోనక్కర్లేదు. విజయవాడ బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ఉంది. 1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి గుర్తుగా మొదలైన భవనం అది. 1921లో బెజవాడ ఏఐసీసీ సమావేశాల వేళ పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా అందించిన చోటుగా ఊళ్లో అందరికీ తెలుసు. చాలా ఏళ్లు మూతపడి, మరమ్మతుల తర్వాత 2020 అక్టోబరులో మళ్లీ తెరుచుకుంది. పాత భవనం అలాగే ఉంది, కొత్త ప్రదర్శనశాల పక్కన వచ్చింది. క్యాంపస్‌లో ఇదే పద్ధతి పనిచేస్తుంది. పాత హాలునూ ముందు వరండానూ బలపరిచి ఉంచాలి. వంటగది, మరుగుదొడ్లు, లిఫ్టు, ఎలక్ట్రికల్ గది వెనక కొత్త బ్లాకులో కట్టాలి. పాత భవనాలను ఎక్కువగా పాడుచేసేవి నీళ్లు, పొగ, బరువు. ఆ మూడూ కొత్త బ్లాకులోకి వెళ్లిపోతే పాత హాలు ఇంకో తరం దాకా నిలబడుతుంది.

పడగొడితే వచ్చే శిథిలాల లెక్క కూడా చూడాలి. పక్కా భవనం పడగొడితే చదరపు మీటరుకు 300 నుంచి 500 కిలోల శిథిలాలు వస్తాయని మన దేశంలో వాడే అంచనా. మరమ్మతు చేస్తే 40 నుంచి 50 కిలోలు. రెండు వేల చదరపు మీటర్ల భవనమంటే 600 నుంచి 1,000 టన్నులు, పది టన్నుల టిప్పర్లకు వంద ట్రిప్పుల దాకా పని. 2016 నాటి నిబంధనలు ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటితే శిథిలాల నిర్వహణకు ముందే ప్రణాళిక ఇచ్చి ఆమోదం తీసుకోవాలన్నాయి. ఆ వంద ట్రిప్పులు ఏ చెరువులోకి, ఏ వాగు గట్టుకు వెళ్తాయో అడిగే హక్కు పక్క ఊళ్లకూ ఉంది.

రెండేళ్ల ఎంఏ, మూడేళ్ల పని

విద్యార్థి సంఘ భవనానికి ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది కాలం. ఎంఏ చదువు రెండేళ్లు. భవనం పని అనుమతులతో కలిపి తేలిగ్గా మూడేళ్లు పడుతుంది, బిల్లులు ఆగితే ఇంకా ఎక్కువ. సలహా అడిగిన పిల్లలు కొత్త భవనం చూడరు. చూసే పిల్లలను ఎవరూ అడిగి ఉండరు. మధ్యలో చేరిన బ్యాచ్ క్యాంటీన్ లేకుండా, కూర్చోవడానికి చోటు లేకుండా వచ్చి వెళ్లిపోతుంది. ఒక్కసారి అలా జరిగితే సీనియర్ నుంచి జూనియర్‌కు అందే అలవాట్లన్నీ తెగిపోతాయి. శుక్రవారం సాయంత్రం కవితలు చదివే గుంపు, గోడ పత్రిక, గ్రూప్స్‌కు కలిసి చదువుకునే బల్ల, ఇవేవీ ఏ రికార్డులోనూ ఉండవు. రెండేళ్లు ఆగితే మళ్లీ మొదలవుతాయన్న నమ్మకం లేదు.

కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీని కూడా అక్కడివాళ్లు ఏఎన్‌యూ అనే పిలుస్తారు, మన నాగార్జునలాగే. అక్కడ యూనియన్ కోర్ట్ అనే పాత విద్యార్థి ప్రాంగణాన్ని 2017లో మూసి పని మొదలుపెట్టారు. అందులో యూనియన్ భవనాన్నీ పడగొట్టారు. పని నడిచినన్నాళ్లూ దుకాణాలు, తిండి, కలుసుకునే చోటు ఆగకుండా పక్కన తాత్కాలికంగా ఒక చిన్న ఊరిలాంటిదాన్నే ఏర్పాటు చేశారు. 2019 ఫిబ్రవరిలో కొత్త ప్రాంగణం తెరుచుకుంది. ఆ నేల మీది ఆదివాసులు ఆ చోటును పిలుచుకున్న కాంబ్రి అనే పేరు దానికి పెట్టారు. పాత యూనియన్ మీద మమకారం ఉన్నవాళ్లకు అది పూర్తిగా మింగుడుపడి ఉండకపోవచ్చు. కానీ మధ్యకాలంలో పిల్లలను రోడ్డు మీద వదలకపోవడం మాత్రం నేర్చుకోవాల్సిన సంగతి. మన దగ్గర దానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. రేకుల షెడ్డు, ఫ్యాన్లు, తాగునీళ్లు, పాత క్యాంటీన్ నడిపే కుటుంబానికే పని నడిచినన్నాళ్లూ అక్కడ నడుపుకునే అవకాశం. ఈ ఏర్పాటు అయ్యాకే పాత తలుపుకు తాళం పడాలి, ఆ షరతు టెండరులోనే ఉండాలి.

కాన్‌బెర్రాలో ఇంకొకటి జరిగింది. పని నడుస్తుండగానే 2018 ఫిబ్రవరిలో ఉన్నట్టుండి వరద వచ్చి క్యాంపస్‌లోని చిఫ్లీ లైబ్రరీ కింది అంతస్తు మునిగింది, పెద్ద సంఖ్యలో పుస్తకాలు పోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన రోజులు, ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి పోయిన కృష్ణ, ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కొత్త కట్టడంలో సెల్లార్ వద్దు. ఎలక్ట్రికల్ ప్యానెళ్లు, సంఘం రికార్డులు, పాత ఫొటోలు మొదటి అంతస్తులోనే ఉండాలి.

బెర్క్‌లీ నేర్పేది, నేర్పనిది

ఇలాంటి పునర్నిర్మాణాల్లో బాగా తెలిసినది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బెర్క్‌లీ క్యాంపస్‌లోది. 1964లో క్యాంపస్‌లో రాజకీయ మాటల స్వేచ్ఛ కోసం విద్యార్థులు చేసిన ఉద్యమం స్ప్రౌల్ ప్లాజాలో జరిగింది. దాని పక్కనే దిగువ స్ప్రౌల్‌లో యూనియన్ భవనాల సముదాయం ఉంది. అందులో ఎషల్‌మన్ హాలు భూకంపానికి నిలవదని తేలింది. 2010లో విద్యార్థులు ఓటు వేసి, తమ మీద తామే కొత్త ఫీజు వేసుకోవడానికి ఒప్పుకున్నారు. 2013లో ఎషల్‌మన్ హాలు పడగొట్టారు, 2015లో కొత్తది తెరిచారు. మార్టిన్ లూథర్ కింగ్ యూనియన్ భవనాన్ని మాత్రం పడగొట్టకుండా బాగుచేశారు. మొత్తం ఖర్చు 22 కోట్ల డాలర్ల పైమాటే.

ఇందులో తీసుకోవాల్సింది రెండు. సముదాయాన్ని మొత్తంగా ఒకే గాటన కట్టకుండా ఒక్కో భవనానికి ఒక్కో నిర్ణయం తీసుకున్నారు. విద్యార్థుల నుంచి సలహా కాదు, ఓటు తీసుకున్నారు. తీసుకోకూడనిది ఫీజు పద్ధతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందా, సర్టిఫికెట్లు ఎప్పుడు చేతికి వస్తాయా అని ఎదురుచూసే పిల్లలు ఉన్న క్యాంపస్‌లలో భవనం పేరుతో కొత్త ఫీజు వేయడం అన్యాయం.

మరి డబ్బు ఎక్కడిది? రాష్ట్రాల ఉన్నత విద్యా సంస్థల కోసం 2013లో వచ్చిన రూసా పథకంలో మన రాష్ట్రం లాంటి చోట్ల కేంద్రం 60, రాష్ట్రం 40 వాటాగా భవనాలకు నిధులు వచ్చాయి. 2023లో దాని స్థానంలో పీఎం ఉషా వచ్చింది. ఇలాంటి పథకాల డబ్బు కట్టడానికి పనికొస్తుంది, నడపడానికి రాదు. కట్టిన అయిదేళ్లకు బాత్రూముల్లో నీళ్లు రావు, లిఫ్టు ఆగిపోతుంది. అప్పుడు మొదలవుతుంది అద్దెల ఆలోచన. కింది అంతస్తు బ్రాండెడ్ కాఫీ షాపుకు, హాలు కోచింగ్ సెంటర్ సెమినార్లకు, ముందు స్థలం బైకుల కంపెనీ ప్రచారానికి వెళ్తాయి. ప్లేటు ఇడ్లీ ధర హాస్టల్ పిల్లల చేయి దాటిపోతుంది. ఎవరూ దురుద్దేశంతో చేయనక్కర్లేదు, కరెంటు బిల్లే ఈ పని చేయిస్తుంది. కాబట్టి అద్దెకు ఇవ్వగల భాగం ఎంత, ఎప్పటికీ ఇవ్వకూడని భాగం ఏది అన్నది పునాదికి ముందే నిర్ణయించి, పాలకమండలి తీర్మానంగా నమోదు చేయాలి. జిరాక్స్, స్టేషనరీ, ఒక బ్యాంకు కౌంటర్, ఏటీఎం, వీటి అద్దె నేరుగా భవన నిర్వహణ ఖాతాలో పడాలి. హాలు, రీడింగ్ రూమ్, వరండా, మెట్లు, చెట్టు కింద చోటు ఏ ధరకూ అద్దెకు పోకూడదు.

మెట్ల మాట తేలిగ్గా తీసుకునేది కాదు. ఈ భవనాల అసలు ప్రాణం గదుల్లో ఉండదు. రోహిణి కార్తెలో పాదరసం 45 డిగ్రీలకు చేరే ఊళ్లివి. పాత హాలు ఎత్తైన పైకప్పు, వెంటిలేటర్లు, లోతైన వరండా, ఎదురుగా వేప చెట్టో నిద్రగన్నేరో, ఇవన్నీ కలిస్తేనే మధ్యాహ్నం రెండింటికి కూడా పది మంది అక్కడ కూర్చోగలుగుతారు. ఇప్పటి నమూనాల్లో ముందు వైపు అద్దాలు, అల్యూమినియం ప్యానెళ్లు, లోపల ఏసీ. ఏసీ ఉన్న గదికి తలుపు మూయాలి, తలుపు ఉన్న గదికి బుకింగ్ కావాలి, బుకింగ్‌కు సంతకం కావాలి. వరండాకు ఇవేవీ అక్కర్లేదు. కొత్త ప్లాన్‌లో నీడ ఉన్న బయటి స్థలం ఎన్ని చదరపు అడుగులు పోతోంది, ఎన్ని వస్తోంది అన్న ఒక్క లెక్క అడిగితే ఆ ప్లాన్ విద్యార్థుల కోసమా, ఫొటోల కోసమా అన్నది తెలిసిపోతుంది.

తప్పనిసరిగా మారాల్సినవీ ఉన్నాయి. వీటి విషయంలో చరిత్ర పేరు చెప్పి అడ్డుపడకూడదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం, 2017లో నియమాలు వచ్చిన నాటి నుంచి అయిదేళ్లలో పాత ప్రజా భవనాలన్నీ అందరూ వాడుకునేలా మారాలి. ఆ గడువు 2022తోనే అయిపోయింది. మెట్లున్న ప్రతి చోటా ర్యాంపు, మేడకు లిఫ్టు ఉండాల్సిందే. అమ్మాయిలకు సరిపడా మరుగుదొడ్లు, రాత్రి ఎనిమిది తర్వాత కూడా వెలిగే లైట్లు, హాస్టల్ దాకా వెలుతురున్న దారి, పిల్లలున్న రీసెర్చ్ స్కాలర్ల కోసం ఒక చిన్న గది పాత ప్లాన్లలో ఎక్కడా కనబడవు. ఇవి లేకపోతే అమ్మాయిలు ఆ చోటును వాడుకోలేరు, వాడుకోలేని చోట ప్రతినిధులుగానూ నిలబడలేరు. ఈ మార్పులన్నీ కలిపినా పాత హాలును పడగొట్టాల్సినంత పని కాదు.

ఇక తాళం సంగతి. ఏర్పాటు పెద్ద చిక్కేమీ కాదు. భవనం విశ్వవిద్యాలయానిదే, భద్రత బాధ్యత కూడా దానిదే. హాలు, సమావేశ గదుల వాడకాన్ని మాత్రం విద్యార్థులకు మెజారిటీ ఉన్న ఒక కమిటీ చూస్తుంది. గది కావాలన్న అర్జీకి రెండు పని దినాల్లో జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అది నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఏ సంఘానికైనా, ఏ జెండాకైనా ఒకే నియమం. బయటి వ్యక్తులు, ఆయుధాలు, మద్యం విషయంలో గట్టి నిబంధన ఉండాలి, ఎందుకంటే 1980ల అనుభవాన్ని ఎవరూ మళ్లీ కోరుకోరు. కానీ ఆ అనుభవం చూపించి ముప్పై ఏళ్లకు పైగా గదులకు తాళం వేయడం కూడా సరికాదు. ఆనాటి గొడవల తర్వాత పుట్టిన పిల్లలే ఇప్పుడు పీహెచ్‌డీలు చేస్తున్నారు.

నిధులు, డీపీఆర్ (ప్రాజెక్టు వివరాల నివేదిక), అనుమతులు ఎప్పుడు వచ్చినా, పెద్దగా ఖర్చు లేకుండా ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టగల పని ఒకటుంది. మూసి ఉన్న గదులన్నీ ఒకసారి తెరిచి, ఏ గదిలో ఏముందో జాబితా రాయడం. గోడల మీది పేర్లు, రాతలు, బల్లల మీద చెక్కిన అక్షరాలు, పాత మినిట్స్ పుస్తకాలు, వెలిసిపోయిన గ్రూప్ ఫొటోలు అన్నీ ఫొటో తీయించడం. క్యాంటీన్ నడిపిన కుటుంబంతో, రిటైరైన వాచ్‌మన్‌తో, ఆ హాల్లో పోటీ చేసి గెలిచినవాళ్లతో, ఓడినవాళ్లతో, ఆ మెట్ల దగ్గరికి రావడానికి భయపడిన అమ్మాయిలతో మాట్లాడి రికార్డు చేయడం. సివిల్ విద్యార్థులు చుట్టుపక్కల కాలేజీల్లో కావలసినంత మంది ఉన్నారు, పగుళ్ల మ్యాపు వాళ్లే గీయగలరు. చరిత్ర, జర్నలిజం శాఖల పిల్లలు మిగతాది చూసుకుంటారు. జూన్‌లో తొలకరి పడేలోగా టెర్రస్ మీది పైపులు శుభ్రం చేయించి, కారే చోట వాటర్‌ప్రూఫింగ్ వేయిస్తే, నిర్ణయం ఎటు తేలినా అప్పటిదాకా లోపలి కాగితాలు తడవకుండా ఉంటాయి.